బండెడు చెరకు, బస్తా చక్కెర

ఉపాధ్యాయ మిత్రులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఎనిమిదో తరగతి పిల్లలను "బండి" అన్న మాట సొంత వాక్యంలో ప్రయోగించమనండి. నిజామాబాదు పట్టణంలోనైతే "నాన్న బండి మీద బడికి వచ్చాను", "అన్నయ్య కొత్త బండి కొన్నాడు", "దారిలో బండికి పెట్రోలు అయిపోయింది" అని వ్రాస్తారు. ఒకరిద్దరికి బస్టాండు దగ్గరి మిర్చి బండి గుర్తుకు వచ్చినా రావచ్చు. ఇందులో తప్పేమీ లేదు. అన్నీ మంచి తెలుగు వాక్యాలే.

తరువాత బోధన్ దారి పట్టి, ఎడపల్లిలోనో కోటగిరిలోనో డెబ్బయి ఏళ్లు దాటిన రైతును పలకరించి, ఆయన యౌవనంలో చెరకు ఎట్లా పండేదో అడగండి. "ఆ ఏడు రెండెకరాల చెరుకు అరవై బండ్లు ఎల్లింది" అంటాడు. వ్యాకరణం బోధించేవారు ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బండ్లు బహువచనం; క్రియ మాత్రం ఏకవచనం. ఎల్లినవి అనలేదు, ఎల్లింది అన్నాడు. అంటే ఆ వాక్యానికి కర్త చెరకే. బండ్లు అక్కడ వాహనాలు కావు, కొలతలు. కుంచాలు, తూములు, మణుగులు వరుసలో నిలిచిన అంకెలు. పిల్లవాడి బండి మనిషిని మోస్తుంది. ముసలి రైతు బండి పంటను కొలుస్తుంది. మాట ఒకటే, మధ్యలో రెండు తరాలు దాటేసరికి దాని కడుపులో ఉన్నది ఖాళీ అయిపోయింది.

బండికి కడుపు ఉండేదనటానికి మన భాషలోనే సాక్ష్యం ఉన్నది. పరిమాణాన్ని చెప్పే "ఎడు" ప్రత్యయం తెలుగువారికి ఉగ్గుపాలతో అబ్బిన సంపద. పిడికెడు మెతుకులు, దోసెడు మల్లెలు, చేటెడు బియ్యం, గంపెడు ఆశ, కుండెడు నీళ్లు, సంచెడు పేలాలు. చేతితో మొదలుపెట్టి చేటకు, చేటనుంచి గంపకు, గంపనుంచి సంచికి ఎక్కుతూ పోతే చివరకు వచ్చేది బండెడు. భాష దృష్టిలో బండి, సంచి ఒకే పంక్తిలో కూర్చున్న బంధువులు. ఒకటి చక్రాలున్న పాత్ర, మరొకటి చక్రాలు లేని పాత్ర. అంతే భేదం.

ఈ ప్రత్యయాన్ని ఇంకొంచెం ముందుకు నడిపి చూడండి. లారెడు అని ఎవరైనా అన్నారా? ట్రాక్టరెడు అన్నారా? లారీ నిండా ఇసుక పోయించినవాడు కూడా "ఒక లోడు పోయించాను" అంటాడు గాని మరొక మాట అనడు. యంత్ర వాహనాలు మన వీధుల్లోకి వచ్చినవి గాని ఈ ప్రత్యయపు పంక్తిలోకి రాలేదు. ఇక మోటారు సైకిలుకు బండి అని పేరు పెట్టుకున్నాం. దాని మీద ఏం వేసుకుని వచ్చినా బండెడు తెచ్చానని చెప్పుకుంటే వినేవారు నవ్వుతారు. పేరు దక్కింది, ప్రత్యయం దక్కలేదు.

బండి ఈ పంక్తిలో చేరకముందు ఆ స్థానంలో ఎద్దు ఉండేది. దారులు సరిగా లేని కాలంలో, కొండ దారుల్లో, చిత్తడి నేలల్లో చక్రం నడవదు, ఎద్దు నడుస్తుంది. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వ్రేలాడేటట్లు వేసే జోడు సంచికి పెరిక అని పేరు. దానిని మోసేది పెరికెద్దు. పెరికలు నేసి, పెరికెద్దులను తోలి వర్తకం చేసినవారికి కులనామం కూడా అదే అయింది. సంచి పేరు పశువుకు, పశువు నుంచి మనిషికి పాకింది. ఈ జిల్లా తండాల్లో ఉన్న లంబాడీల పూర్వులు ఇట్లాగే ఎడ్ల బిడారులు తోలుకుంటూ ఉప్పూ ధాన్యమూ దేశాలు దాటించినవారు.

గోనె కథ ఇంకా పాతది, ఇంకా చిత్రమైనది. గోణి శబ్దం పాణిని సూత్రాల్లోనే కనబడుతుంది. ధాన్యం పోసుకొనే సంచి దానికి అర్థం. కొలత కూడా అదే. అయిదు గోణులిచ్చి కొన్న వస్తువును వ్యాకర్తలు పంచగోణి అన్నారు. పతంజలి మహాభాష్యం మొదట్లో మరొక గోణి వస్తుంది. గౌః అన్న సాధుశబ్దాన్ని జనం గావీ అనీ, గోణీ అనీ రకరకాలుగా పలుకుతున్నారని, అవి అపభ్రంశాలని ఆయన నిర్ణయం. అంటే ఆనాటి సామాన్యుల నోట గోణి అంటే పశువు కూడా! ఇంతకీ గోణి తప్పా ఒప్పా అన్న సందేహానికి తరువాతి కాలంలో భర్తృహరి వాక్యపదీయంలో సమాధానం దొరుకుతుంది. పశువు అన్న అర్థంలో అది అపశబ్దం, సంచి అన్న అర్థంలో సాధుశబ్దమే. మోసేదానికీ మోతకూ ఒకే పేరు పెట్టిన జనాన్ని పండితులు దిద్దబోయి, చివరకు సగం ఒప్పుకోవలసి వచ్చిందన్నమాట. నాకు ఇందులో జనం పక్షమే ముచ్చటగా తోస్తుంది.

మన నదుల మీద కూడా ఇదే వరుస. బోధన్‌కు దగ్గరలో కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలుస్తుంది. తెలుగునాట బెస్తవారు వాడే గుండ్రని బుట్టపడవ పేరు పుట్టి. ఇరవై తూముల ధాన్యం కొలత పేరూ పుట్టే. పుట్టెడు గింజలకు తగిన నేలను పుట్టి భూమి అన్నవారూ ఉన్నారు. దుఃఖం పుట్టెడైనప్పుడు ఆ పుట్టి పడవో కొలతో ఎవరూ అడగరు గాని, రెండింటికీ బుట్టతో చుట్టరికం ఉన్నదని అనుకోవటం సులువు. తట్టు సంగతి వేరు. గోనెపట్టకు తట్టు, పొట్టి గుర్రానికి తట్టు, పిల్లలకు పోసే జబ్బుకూ తట్టే. ఇవి ఒక తల్లి బిడ్డలు కావు, ఒకే పేరు తగిలించుకున్న పరాయివారు. శబ్దసామ్యం చూచి సంబరపడే విద్యార్థులు ఈ భేదం గుర్తుంచుకోవాలి.

ఇక బోధన్‌కు వద్దాం. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చినవి, నీళ్ల వెంట చెరకు వచ్చింది, కృష్ణా గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వలస వచ్చినవి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. శర్కర అంటే సంస్కృతంలో ముందు గులకరాయి; ఆ పోలికనే తీపి పలుకుకు పేరయి, పారసీకం దాకా వెళ్లి శక్కర్‌గా తిరిగి వచ్చింది. ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు.

గానుగ కాలం వస్తే రోడ్లన్నీ బండ్లే. కటింగ్ ఆర్డరు చేతికి రావాలి, కూలీలు దొరకాలి, గడలు నరికి, ఆకు దూసి, మోపులు కట్టి బండికి ఎత్తాలి. ఇరుసుకు కందెన పెట్టి, ఎడ్లను కాడికి కట్టి, రాత్రంతా నడిపి తెల్లవారేసరికి వరుసలో నిలబడాలి. కర్ర చక్రాల జోడెడ్ల బండి మోసేది ఇంచుమించు ఒక టన్ను. తరువాత టైరు బండ్లు వచ్చి దాన్ని పెంచినవి గాని, రైతు మనస్సులో బండి అంటే టన్ను అన్న లెక్క చాలాకాలం అట్లాగే ఉన్నది. వంద కిలోల చెరకునుంచి వచ్చే చక్కెర స్థూలంగా పది కిలోలు. నేల, రకం, నరికిన నెల బట్టి ఒక పాలు ఎక్కువో తక్కువో. అంటే టన్నుకు నూరు కిలోలు. ఆ రోజుల్లో చక్కెర బస్తా తూకం కూడా నూరు కిలోలే! ఒక దర్వాజాలో బండి లోపలికి పోతుంది, మరొక దర్వాజాలో బస్తా బయటికి వస్తుంది. బండెడు చెరకుకు ఒక బస్తా చక్కెర. బళ్లో నిష్పత్తులు చెప్పే మాస్టరుకు ఇంతకంటె తేలికైన ఉదాహరణ దొరకదు.

కాని రైతు బండికి, కార్ఖానా టన్నుకు మధ్య ఒక కాంటా ఉన్నది. అసలు కథ అక్కడ జరిగింది. కాంటా మీద నిండు బండిని ఒకసారి తూస్తారు. చెరకు దించిన తరువాత వట్టి బండిని మరొకసారి తూస్తారు. మొదటి అంకెలోనుంచి రెండవ అంకె తీసివేయగా మిగిలింది చెరకు. ఎంత న్యాయమైన లెక్క! కాదనటానికి లేదు. అయితే ఆ లెక్కలో బండికి ఏమయిందో చూడండి. చేలో ఉన్నంతసేపూ బండి కొలమానం. ఎన్ని బండ్లంటే అంత పంట. కాంటా ఎక్కిన క్షణంలో బండి తీసివేతలో ఒక అంకె. ఇన్నాళ్లూ కొలిచిన పాత్రనే ఇప్పుడు అనవసరపు బరువని పక్కకు నెట్టారు.

ఈ తీసివేతలో రైతుకు పోయేది మాట ఒక్కటే కాదు. నరికిన చెరకు గంట గంటకూ ఎండుతుంది. ఆరిన కొద్దీ తూకం పడిపోతుంది, లోపలి తీపి కూడా విరిగిపోతుంది. ఏ చక్కెర మిల్లు ముందైనా వరుస పొడుగైన రోజున, చేలో కట్టిన బండికీ కాంటా మీది బండికీ తేడా వచ్చేది. బండిలో గడ ఒకటి కూడా జారలేదు. రైతు కళ్లముందే మోపులన్నీ ఉన్నవి. అయినా కొంత పోయింది. బండి లెక్కలో అది కనబడదు, టన్ను లెక్కలోనే కనబడుతుంది. ధర చెల్లించేది టన్ను మీద. ముసలివాళ్లు ఇప్పటికీ "ఇన్ని బండ్లు ఎల్లింది" అని చెప్పటంలో అలవాటు ఒక్కటే కాక, తాము పండించింది అంత అన్న పట్టుదల కూడా ఉన్నదని నా నమ్మకం.

ఇందులో వింత ఏమిటంటే, బండిని గద్దె దించిన టన్ను కూడా ఒకప్పుడు పాత్రే. ఐరోపాలో ద్రాక్షసారా పోసే పెద్ద పీపాకు ఆ పేరు. ఓడలో ఎన్ని పీపాలు పడతవో లెక్కించి ఓడ పరిమాణం చెప్పేవారు. పీపా నుంచి బరువు పుట్టింది, బరువు పీపాను మరచిపోయింది. మనం లోడు అని తెచ్చుకున్న ఇంగ్లీషు మాట కూడా మొదట దారి, ప్రయాణం, తరలింపు అన్న అర్థాల్లోనే ఉండేది. నడక పేరు మోతకు వచ్చింది. కారు అన్నది గాల్ దేశపు రెండు చక్రాల బండి పేరు. దానిని లాటిన్ వారు తీసుకుని, బండికి ఎత్తటం అన్న క్రియ చేస్తే అందులోనుంచి కార్గో వచ్చింది. కారూ కార్గో పినతల్లి పెదతల్లి బిడ్డలు. మన పెరికా పెరికెద్దూ ఒంటరివి కావు.

బస్తా దారి వేరు. అది పారసీక పదం, కట్టబడినది అని అర్థం. బందోబస్తులో ఉన్న బస్తు దీనికి సోదరమే. కాగితాలు గుడ్డలో చుట్టి కడితే అది బస్తా. దివాణాల్లో లెక్కల కట్టలకు అదే పేరు. ఉర్దూలో బస్తా అంటే పిల్లవాడి పుస్తకాల సంచి. తెలుగులోకి వచ్చేసరికి కాగితాలు జారిపోయి వడ్లు, చక్కెర, సిమెంటు దానిలో చేరినవి. బోధన్ వంటి ఊరిలో ఇది నిఘంటువు సంగతి కాదు, వీధిలోని సంగతి. ఉర్దూ బడికి పోయే అమ్మాయి భుజాన ఒక బస్తా, గోదాము మెట్లెక్కే హమాలీ వీపున ఒక బస్తా. ఒకే మాట, ఒకే వీధి, బరువుల్లోనే భేదం.

ఆ బరువుల మీద కూడా లోకం ఆలోచించింది. మనిషి మోయదగిన బరువు 55 కిలోలు దాటరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. నూరు కిలోల చక్కెర బస్తా క్రమంగా తప్పుకుని 50 కిలోల సంచి వచ్చింది. అంతటితో బండెడుకు బస్తా అన్న లెక్కా చెడింది. పిల్లవాడి సంచి అతని ఒంటి బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి జాతీయ విధానం. హమాలీ బస్తా సగానికి దిగినది గాని, విద్యార్థి బస్తా ఏ మేరకు దిగినదో తరగతిలో ఉన్నవారే చెప్పాలి. మార్కెట్ యార్డులో వట్టి సంచిని బార్దాన్ అంటారు. భారాన్ని పట్టేది అని దానికీ పారసీకార్థమే. పసుపు తూచినా వడ్లు తూచినా బార్దాన్ బరువు తీసివేయవలసిందే. కాంటా ముందు బండికి జరిగిందే గోనెకూ జరిగింది.

బండికి ఇంకొక అర్థం ఉండేది, అది మరచిపోవటం మంచిది కాదు. నిజాం రాజ్యంలో వెట్టి సాగిన రోజుల్లో గ్రామానికి అధికారి వస్తే రైతు బండి కట్టి తీరవలసిందే. నాటుల కాలమా, ఇంట్లో జబ్బా అన్న ప్రశ్న లేదు. అప్పుడు బండి అంటే రైతు సొత్తు కాదు, దొరకూ సర్కారుకూ బాకీ. ఆరవ ఆంధ్రమహాసభ 1937లో నిజామాబాదులోనే జరిగింది; వెట్టిచాకిరి రద్దు ఆ సభలు పలుమార్లు కోరినది. ఊళ్లో పెద్దమనుషుల కచ్చురం వేరు, రైతు బండి వేరు. కచ్చురం సవారీకి, బండి మోతకు. ఇంగ్లీషు దొరలు మన బండిని తమ భాషలోకి తీసుకున్నప్పుడు మాత్రం తాము ఎక్కే సవారీ బండికి కూడా అదే పేరు వాడుకున్నారు. 1886లో యూల్, బర్నెల్ దొరలు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో మన బండీ ఉన్నది, గోనెకు చుట్టమైన గన్నీ ఉన్నది.

ఆ తరువాతి అర్థాలు త్వరత్వరగా వచ్చినవి. రైలు వచ్చి పొగబండి అయింది. మోటారు వచ్చి మోటారుబండి అయింది. కొన్నాళ్లకు మోటారు రాలిపోయి బండి ఒక్కటే మిగిలింది. నాలుగు చక్రాలు బిగించి కదలకుండా ఒకేచోట దోసెలు పోసేది కూడా బండే. అంగడి అన్న మాటకు ఉన్న పని దీనికి వచ్చింది. ఆ బండి యజమానిని "ఎట్ల నడుస్తుంది?" అంటే "నడుస్తుంది సార్" అంటాడు, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి! కారు వెనుక సామాను పెట్టే డిక్కీ మరొక తమాషా. గుర్రపు బగ్గీకి వెనుక నౌకరు కూర్చునే పీట పేరు అది. మనిషి దిగి సంచి ఎక్కింది. స్కూటరుకు పక్కన తగిలించిన పెట్టె కూడా ఇప్పుడు డిక్కీయే.

బోధన్‌లో ట్రాక్టరు వచ్చి చెరకు బండిని చాలావరకు తప్పించింది. రైతులు ట్రిప్పులు లెక్కపెట్టసాగారు. 2002లో ఫ్యాక్టరీలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడుచోట్లా గానుగలు ఆగిపోయినవి. చెరకు వేసిన చేలల్లో చాలావరకు వరి వచ్చింది. వరికోత యంత్రం గింజను నేరుగా ట్రాలీలో పోస్తుంది. అక్కడినుంచి లెక్క క్వింటాళ్లలోనే. రైతు నోట బస్తా ఇంకా మిగిలి ఉన్నది, "ఎకరానికి ఇన్ని బస్తాలు ఎల్లినయి" అని. బండ్లు మాత్రం ఏ పంటకూ ఎల్లటం లేదు.

అయితే బండెడు పూర్తిగా పోలేదు. సెలవులకు ముందు జవాబు పత్రాల కట్టలు ఇంటికి మోసుకుపోయే పంతులమ్మ "బండెడు చాకిరి ఉన్నదమ్మా" అంటుంది. పొరుగింటి పెళ్లికి పోయివచ్చిన అమ్మ "బండెడు అంట్లు పడినవి" అంటుంది. చెరకు దిగిపోయిన బండిలో ఇంటిపని ఎక్కింది. ఆ మాట అన్న ఆమెకు బండి ఎక్కిన జ్ఞాపకం ఉండకపోవచ్చు, ఆమె భర్త బండి గుమ్మంలో స్టాండు వేసి ఉండవచ్చు.

ఉపాధ్యాయులు ఆ సొంతవాక్యం పరీక్ష ముగిసిన తరువాత పిల్లలకు ఇంటిపని ఒకటి ఇవ్వవచ్చును. అమ్మమ్మనో తాతనో అడిగి "ఎడు" చివర వచ్చే మాటలు పదేసి వ్రాసుకుని రమ్మనండి. ప్రతి మాట పక్కన ఆ పాత్ర ఇంట్లో ఇంకా ఉన్నదో లేదో కూడా వ్రాయమనండి. చేట ఉంటుంది, గంప ఉండవచ్చు. బోధన్ పరిసరాల పిల్లలెవరైనా బండెడు అని వ్రాసుకువస్తే, ఆ బండిలో ఏమి పోసేవారో తాతను ఇంకొకసారి అడిగి రమ్మనండి.